ఆదికారణమా? ఆధారమా?

‘లోకాన్ని దేవుడు సృష్టించాడు సరే, మరి ఆ దేవుణ్ణి ఎవరు సృష్టించారు?’ ఈ ప్రశ్న వినపడని ఇల్లు ఉండదు. అడిగేది ఎనిమిదేళ్ల మనుమడు కావచ్చు, ఇంజనీరింగ్ చదువుతున్న మనుమరాలు కావచ్చు. దానికి పెద్దలు ఇచ్చే సమాధానాలు సాధారణంగా రెండు విధాలు. ‘అలా అడిగితే కళ్ళు పోతాయి’ అని గద్దించడం ఒకటి. ‘ఆయన స్వయంభువు నాయనా’ అని మాట దాటవేయడం మరొకటి. మొదటి సమాధానంతో బిడ్డకు భయం కలుగుతుంది. రెండో దానితో అనుమానం మిగులుతుంది. రెండింటిలోనూ జ్ఞానం కలగదు.

పాఠక మహాశయులారా! ఈ ప్రశ్నను నాస్తికులు పుట్టించారని, పాశ్చాత్యుల చదువులతో మన ఇళ్లలోకి వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఈ ప్రశ్న మన ఋషులు అడిగినది. ఋగ్వేదం పదవ మండలంలోని నాసదీయ సూక్తం సృష్టికి పూర్వం ఏమున్నదని విచారిస్తూ పోయి, చివరకు పరమ వ్యోమంలో ఉన్న అధ్యక్షునికైనా ఇది తెలుసునా అని సందేహించి ఆగుతుంది. శ్వేతాశ్వతరోపనిషత్తు మొదలయ్యేదే కారణ విచారంతో. కాలమా, స్వభావమా, నియతియా, యాదృచ్ఛికమా, భూతాలా, పురుషుడా అని బ్రహ్మవాదులు ఒక్కొక్కదాన్నే ఎదుట నిలిపి పరీక్షించారు. వేదమే అడిగిన ప్రశ్నను ఒక బిడ్డ అడిగితే తప్పెట్లా అవుతుంది?

మన గడ్డ మీద నడిచిన వాదం

ఈ విచారం కాశీలోనో మిథిలలోనో మాత్రమే జరిగిందనుకోకండి. మన కరీంనగర్ ప్రాంతం దీనికి వెయ్యేళ్లనాటి సాక్షి. నేడు కోడె మొక్కులతో కళకళలాడే వేములవాడ పదవ శతాబ్దంలో చాళుక్యుల రాజధాని. రెండవ అరికేసరి ఆస్థానంలో ఉన్న పంపకవి క్రీ.శ. 941లో కన్నడంలో ఆదిపురాణం రచించాడు. అది తొలి తీర్థంకరుడైన వృషభనాథుని చరిత్ర. ఆ కవి తమ్ముడు జినవల్లభుడు గంగాధర సమీపంలోని కురిక్యాల బొమ్మలగుట్ట మీద చెక్కించిన శాసనంలో సంస్కృత కన్నడాలతో పాటు మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. తెలుగు ప్రాచీనతను చెప్పేటప్పుడు పండితులందరూ చూపే శాసనమది.

ఆ తరువాత సోమదేవసూరి అనే జైనాచార్యుడు క్రీ.శ. 959లో యశస్తిలక చంపువును పూర్తి చేశాడు. ఆయన పేర్కొన్న గంగాధార మన గంగాధరే అని పలువురు పరిశోధకుల అభిప్రాయం. ఆ కావ్యంలో ఆయన నాటి దర్శనాలను ఒక్కొక్కటిగా పేర్కొని విమర్శించాడు. శైవాన్నీ విడిచిపెట్టలేదు. మూడవ అరికేసరి క్రీ.శ. 966లో, లేంబులపాటకమనే పేరున్న ఈ వేములవాడలోని శుభధామ జినాలయం కోసం ఆయనకు ఒక గ్రామాన్నే దానమిచ్చాడు. శివక్షేత్రంగా నేడు మనం కొలిచే ఊరిలోనే, జగత్కర్తను ఒప్పుకోని దర్శనానికి రాజాదరణ లభించిందన్న మాట.

జైనుల వాదమేమిటి? పంపకవికి మూలమైన సంస్కృత మహాపురాణాన్ని తొమ్మిదవ శతాబ్దంలో రచించిన జినసేనాచార్యుడు ఆ వాదాన్ని నిర్మొహమాటంగా నిలబెట్టాడు. సారాంశం ఇది. దేవుడు లోకాన్ని చేశాడంటే, చేయకముందు ఆయన ఎక్కడ నిలిచాడు? ఏ సామగ్రితో చేశాడు? సామగ్రిని కూడా ఆయనే చేశాడంటే దానికి మరొక సామగ్రి కావాలి. సామగ్రి దానంతట అదే ఉన్నదంటే, లోకమే దానంతట అది ఉన్నదనడానికి అభ్యంతరమేమిటి? ఆయన పరిపూర్ణుడైతే సృష్టించాలనే కోరిక ఎందుకు? కోరిక ఉంటే పరిపూర్ణుడెట్లా? అందుచేత లోకం కాలంవలెనే ఆద్యంతాలు లేనిది; దానికి కర్త అక్కరలేదు. ఆదినాథుడు సైతం వారికి తొలి గురువే గాని తొలి కారణం కాడు.

ఇది తేలికగా తోసిపుచ్చదగిన వాదం కాదు. నేటి యువకులు అడుగుతున్నది ఇంతకు మించి ఏమీ లేదు. వెయ్యేళ్ల కిందట మన ఊళ్లలో వినబడిన ప్రశ్నకు నేడు మనం ఉలికిపడుతున్నామంటే, లోపం ప్రశ్నలో లేదు. మనం చదువు మానేసినందువల్ల కలిగిన లోపమది.

కుండ, కుమ్మరి

సోమదేవసూరి కాలానికి కొంచెం తరువాత మిథిలలో ఉదయనాచార్యుడు వెలిశాడు. ఆయన లక్షణావళి రచనా కాలం క్రీ.శ. 984. ఈశ్వరుడున్నాడని తర్కంతో నిరూపించడానికే ఆయన న్యాయకుసుమాంజలి అనే ఐదు స్తబకాల గ్రంథం రచించాడు. న్యాయ మతంలోని ప్రధాన యుక్తి అందరికీ అర్థమయ్యేదే. కుండ ఉంటే కుమ్మరి ఉండాలి. బట్ట ఉంటే నేతగాడు ఉండాలి. భూమి, మొలక మొదలైనవి కూడా కార్యాలే, అంటే పుట్టినవే. కనుక వాటికీ తెలివిగల కర్త ఒకడుండాలి. అంతటి పనికి అంతటి తెలివి కావాలి కాబట్టి ఆ కర్త సర్వజ్ఞుడు. పదిహేడవ శతాబ్దంలో మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఈ అనుమానాన్నే పొందుపరచాడు. తర్కశాస్త్రం చదివే విద్యార్థులు నేటికీ ఆ పుస్తకంతోనే మొదలుపెడతారు.

మరి దీన్ని నాస్తికులు మాత్రమే కాదన్నారా? ఇక్కడే మీరు జాగ్రత్తగా గమనించాలి. వేదాన్ని ప్రాణంగా చూసుకున్న మీమాంసకులే దీన్ని కాదన్నారు. యజ్ఞం తప్ప మరొకటి ఎరుగని కుమారిలభట్టు శ్లోకవార్తికంలో అడిగిన ప్రశ్నలు జినసేనుని ప్రశ్నలకు ఏమీ తీసిపోవు. శరీరం లేనివాడు ఎట్లా చేశాడు? దయతో చేశాడందామంటే, జీవులే పుట్టనప్పుడు ఎవరి మీద దయ? సృష్టి జరుగుతుండగా చూసి చెప్పినవారెవరు? మీమాంసకుల దృష్టిలో లోకం ఎప్పుడూ ఈ తీరుగానే నడుస్తున్నది. వేదం ఎవరూ రాయనిది, లోకం ఎవరూ మొదలుపెట్టనిది. అటువంటి కుమారిలుని మనం నాస్తికుడనలేదు. భట్టపాదులని గౌరవంగా పిలుచుకున్నాం.

అంతకంటె ఆశ్చర్యం మరొకటున్నది. శ్రీమన్నారాయణుని పరమ భక్తుడైన భగవద్రామానుజులు శ్రీభాష్యంలో, మూడవ సూత్రం దగ్గర, ఈ కుండ-కుమ్మరి అనుమానం పరబ్రహ్మను సాధించలేదని నిరూపించారు. మేడలు, రథాలు అనేకులు కలిసి చేస్తారు. అట్లాగే కొండలు, సముద్రాలు వేర్వేరు కాలాల్లో వేర్వేరు కర్తలు చేసినవి కారాదా? లోకంలో మనం చూసిన కర్తలందరికీ శరీరముంది, అజ్ఞానముంది. ఆ పోలికతోనే పోతే సర్వజ్ఞుడైన ఒక్క పరమాత్మ దగ్గరకు చేరలేం. కనుక భగవంతుణ్ణి తెలియడానికి శాస్త్రమే ప్రమాణం, తర్కం దానికి తోడు మాత్రమే అన్నారు. శంకర భగవత్పాదులు సైతం జగజ్జన్మాదులను గురించిన రెండో సూత్రం కేవలం అనుమానాన్ని చెప్పడానికి కాదని, ఉపనిషద్వాక్యాలను కూర్చడానికని స్పష్టం చేశారు.

దీన్ని బట్టి మీకు తెలియవలసింది ఒక్కటే. తొలి కారణం నిరూపణ అయితేనే దేవుడు ఉంటాడు, కాకపోతే పోతాడు అన్న భయం మన ఆచార్యులకు లేదు. ఆ ఒక్క గుంజకు వారు తమ భక్తిని కట్టివేయలేదు. మనమెందుకు కట్టాలి?

‘మొదటి రోజు’తో వచ్చే చిక్కు

ఇంకొంచెం లోతుకు పోదాం. ఒకానొక రోజున, అంతకుముందు ఏమీ లేనప్పుడు, దేవుడు లోకాన్ని మొదలుపెట్టాడని మన ఇళ్లలో చాలామంది నమ్ముతారు. ఇది భక్తి మాటగానే వినిపిస్తుంది. కాని దీన్ని ఒప్పుకుంటే మన ధర్మానికే పునాది కదులుతుంది.

ఎట్లాగంటారా? ఒకడు కలిగినవాడై పుడతాడు, మరొకడు పేదవాడై పుడతాడు. ఒక బిడ్డ ఆరోగ్యంగా పుడుతుంది, మరొక బిడ్డ వ్యాధితో పుడుతుంది. ఈ తేడాకు దేవుని పక్షపాతం కారణం కాదు, జీవుని కర్మ కారణం అని మనం చెబుతాం. మరి సృష్టికి మొదటి రోజంటూ ఉంటే, ఆ రోజు వరకు ఏ జీవుడూ ఏ కర్మా చేయలేదు కదా! అప్పటి తేడాలకు కారణం ఎవరు? దేవుడే కావాలి. అప్పుడు ఆయనకు పక్షపాతం, నిర్దయ అనే దోషాలు అంటుతాయి. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో వ్యాసభగవానుడు ఈ ఆక్షేపణనే ఎత్తుకుని, సంసారం అనాది అని సమాధానమిచ్చాడు. కర్మ వల్ల జన్మ, జన్మ వల్ల కర్మ. విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్లు దీనికి మొదలు లేదు. బీజాంకుర న్యాయమంటే ఇదే. తుది లేకుండా వెనక్కి పోవడాన్ని తార్కికులు అనవస్థ అంటారు. అయితే ప్రమాణం ఉన్న చోట, విత్తు-చెట్టు వంటి వరుసలో, అనవస్థ దోషం కాదని కూడా వారే అన్నారు.

గోదావరి తీరాన ధర్మపురిలో అస్థికలు కలపడానికి వచ్చేవారిని చూస్తుంటాం. చిన్న వయసులో పోయిన బిడ్డ కోసం ఏడ్చే తల్లి ‘దేవుడు నాకే ఎందుకిట్లా చేసిండు?’ అని అడుగుతుంది. ఆమెకు తర్కం చెప్పే సమయం కాదది. ‘నీ కర్మ’ అనే మాట అసలే అనకూడదు. అది శాస్త్రాన్ని పట్టుకుని పుండు మీద కొట్టడమే అవుతుంది. కాని ఆమె మనసులో, ఎక్కడో కూర్చుని ఒక్కొక్కరికీ కష్టాన్ని పంచిపెట్టే దేవుని బొమ్మ ఉన్నదంటే, దాన్ని అక్కడ నిలిపింది మనమే. ఆయన కష్టాన్ని మొదలుపెట్టినవాడు కాడు, మొదలులేని ఈ ప్రవాహంలో ఎప్పుడూ మన చేయి విడువనివాడు అని ముందుగానే నేర్పి ఉంటే, ఆ తల్లి ఏడుపు ఆగకపోయినా, దేవుని మీద ఆమెకు ద్వేషం కలగదు. తత్త్వ విచారం పండితుల కాలక్షేపం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏం కావాలి?

ప్రతి పూజకూ ముందు మీరు చెప్పుకునే సంకల్పాన్ని గుర్తు చేసుకోండి. ద్వితీయ పరార్ధం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం అని మన చిరునామా చెప్పుకుంటాం. ఒక కల్పమంటే 432 కోట్ల సంవత్సరాలు. అది బ్రహ్మకు ఒక్క పగలు. ద్వితీయ పరార్ధమంటే ఈ బ్రహ్మకు యాభై ఏళ్లు గడిచాయని అర్థం. ఈ బ్రహ్మకు ముందు మరొక బ్రహ్మ, ఆయనకు ముందు మరొకరు. ఇంత లెక్క చెప్పే సంకల్పంలో ‘లోకం మొట్టమొదట పుట్టిన రోజు’ అనే మాట ఎక్కడా లేదు. పురాణాల్లో సృష్టి అంటే లేనిది కొత్తగా పుట్టడం కాదు, అణగి ఉన్నది మళ్లీ వ్యక్తం కావడం.

గోదారమ్మ చెప్పే పాఠం

అయితే జైనులు చెప్పిందే నిజమా? లోకం అనాది అయితే దేవునితో పనేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి నేను మన గోదావరినే సాక్షిగా పిలుస్తాను.

గోదావరి ఎక్కడ పుట్టింది? త్ర్యంబకంలో, బ్రహ్మగిరి మీద అంటాం. అక్కడికి నీరు ఎట్లా వచ్చింది? వాన వల్ల. వాన? మేఘం వల్ల. మేఘం? సముద్రం వల్ల. సముద్రంలోకి నీరు? గోదావరి వంటి నదుల వల్ల. ఈ చక్రంలో ఏది మొదలు? ఏదీ కాదు. వెనక్కి ఎంత పోయినా మొదటి చుక్క దొరకదు. కాని పైనున్న సూర్యుడు ఒక్క క్షణం తన వేడిని ఉపసంహరించుకుంటే ఈ చక్రం నడుస్తుందా? సూర్యుడు ఆ వరుసలో మొదటివాడు కాడు, చివరివాడు కాడు, అసలు ఆ వరుసలోనే లేడు. అయినా ఆ వరుసలో ప్రతి చుక్కా ఆయన మీదనే ఆధారపడి ఉంది. నిన్న ఆధారపడింది, ఈ క్షణంలోనూ ఆధారపడి ఉంది.

ఇక్కడ ‘ముందు’ అనే మాటకు రెండర్థాలున్నాయని గ్రహించండి. కాలంలో ముందుండటం ఒకటి, ఆధారంగా ఉండటం మరొకటి. తాత మనుమడికంటె కాలంలో ముందువాడు. తాత గతించినా మనుమడు ఉంటాడు. మట్టి కుండకు ఆధారం. మట్టి తొలగితే కుండ క్షణం కూడా నిలవదు. ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చూపించింది కుమ్మరిని కాదు, మట్టిని. ముండకోపనిషత్తు చూపించింది తనలోనుంచే దారం తీసే సాలెపురుగును. పరమాత్మ లోకాన్ని చేసి పక్కకు తప్పుకున్న కుమ్మరి కాడు. ఆయనే మట్టి, ఆయనే కుమ్మరి. వేదాంతులు అభిన్న నిమిత్తోపాదాన కారణమని చెప్పేది దీన్నే. ‘ఆయన్ను ఎవరు చేశారు?’ అనే ప్రశ్న వరుసలో ఉన్నవారికి వర్తిస్తుంది. వరుసకు ఆధారమైనవానికి వర్తించదు.

సూర్యుడూ ఒకనాడు పుట్టినవాడే కదా అని మీరనవచ్చు. నిజమే. ఉపమానం ఒక అంశానికే చెల్లుతుంది, అన్ని అంశాలకూ చెల్లదు. అట్లాగే జైన పండితుడు ‘వరుసకు ఆధారం ఎందుకు, వరుసే చాలదా?’ అని మళ్లీ అడగవచ్చు. తర్కం ఆయన నోరు మూయించగలదని నేను చెప్పను. ఆధారం ఉన్నదనడం యుక్తికి తగినదని తర్కం చూపుతుంది. శ్రుతి దాన్ని చెబుతుంది, ఉపాసన దాన్ని అనుభవానికి తెస్తుంది. ఇంతకంటె ఎక్కువ చెప్పుకుంటే అది గొప్పలకు పోవడమే.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి. ఒకటి కాలుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు. ముందు కాలుణ్ణి సేవించి తరువాత ముక్తేశ్వరుణ్ణి సేవించడం అక్కడి సంప్రదాయం. తర్కగ్రంథాలు చదవని భక్తునికి కూడా ఆ క్షేత్రం చెప్పకనే చెబుతున్నది ఇదే. కాల ప్రవాహం ఉంది, కాలానికి లొంగనిది ఉంది. ఒకదాని తరువాత ఒకటిగా కాదు, ఒకే పీఠం మీద.

శాస్త్రవేత్తల మాట

మన కాలంలో ఈ చర్చ మరో రూపం దాల్చింది. విశ్వం విస్తరిస్తున్నదని, ఒకప్పుడు అత్యంత సాంద్రమైన, వేడి స్థితిలో ఉండేదని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ స్థితి నుంచి నేటికి సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. ఈ ఆలోచనకు ఆద్యులలో ఒకడైన జార్జ్ లెమైత్ర్ బెల్జియం దేశపు క్రైస్తవ మతాచార్యుడు. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఈ సిద్ధాంతాన్ని సృష్టికర్తకు సాక్ష్యంగా ప్రస్తావిస్తే, లెమైత్ర్‌కు అది నచ్చలేదు. మత విశ్వాసాన్ని, భౌతిక శాస్త్రాన్ని అట్లా ముడిపెట్టరాదని ఆయన అభిప్రాయం. మరోవైపు విశ్వానికి ఆరంభమే లేదన్న స్థిర స్థితి సిద్ధాంతాన్ని 1948లో ఫ్రెడ్ హోయిల్ మొదలైనవారు ప్రతిపాదించారు. హోయిల్ శిష్యుడు, 2025లో కీర్తిశేషుడైన మన జయంత్ నార్లీకర్ జీవితమంతా ఆ దారిలోనే ఆలోచించారు. 1965లో వెలుగుచూసిన విశ్వ వికిరణం ఆ సిద్ధాంతాన్ని బలహీనపరచింది. అయినా ఆ వేడి స్థితికి పూర్వం ఏమున్నదన్నది ఇంకా తేలని విషయమే.

ఈ సంగతులు విని మనవారు కొందరు వేదికలెక్కి ‘ఇదంతా మన ఋషులు ఎప్పుడో చెప్పారు, విజ్ఞానం దేవుణ్ణి నిరూపించింది’ అని చప్పట్లు కొట్టించుకుంటారు. నాకిది సమ్మతం కాదు. నేడు ఒక సిద్ధాంతాన్ని చూపి దేవుడున్నాడంటే, రేపు ఆ సిద్ధాంతం మారిననాడు దేవుడు లేడనవలసి వస్తుంది. లెమైత్ర్ పాటించిన నిగ్రహం మనకూ అవసరం. విశ్వం ఎట్లా నడిచిందో వారు వెతుకుతున్నారు, వెతకనివ్వండి. అసలు ‘ఉన్నది’ అనేది ఎందుచేత ఉన్నదన్న ప్రశ్న దుర్భిణికి అందేది కాదు.

ఇంట్లో ఏం చేయాలి?

తల్లిదండ్రులకు, తాతమ్మలకు నా విన్నపం ఇది. బిడ్డ ‘దేవుణ్ణి ఎవరు చేశారు?’ అని అడిగిన రోజు శుభదినమని భావించండి. గద్దించకండి. ‘మంచి ప్రశ్న అడిగావు, దీన్ని ఋషులు కూడా అడిగారు’ అని మొదలుపెట్టండి. గోదావరి చక్రాన్ని చెప్పండి, మట్టినీ కుండనూ చూపండి. దేవుడు వరుసలో మొదటివాడు కాడు, వరుసను నిలిపి ఉంచేవాడని చెప్పండి. జైనులు, మీమాంసకులు దీన్ని వేరుగా భావించారని, వారూ మహానుభావులేనని దాచకుండా చెప్పండి. ఆపై వాడు ఒప్పుకోకపోతే కోపగించకండి. మీమాంసకుడైన కుమారిలునికి చోటున్న ధర్మంలో మీ మనుమడికి చోటుండదా?

మనం బిడ్డలను బాసరకు తీసుకుపోయి, వ్యాసుడు గోదావరి ఇసుకతో ప్రతిష్ఠించాడని చెప్పుకునే సరస్వతమ్మ ఎదుట పలక పట్టించి అక్షరాభ్యాసం చేయిస్తాం. చదువు రావాలని అమ్మను వేడుకుంటాం. ఆ చదువు నాలుగేళ్లకు ప్రశ్నగా తిరిగి వస్తే నోరు మూయిస్తాం. అమ్మ ఇచ్చిన ప్రసాదాన్ని పారబోయడం కాదా అది? ఈశ్వరుణ్ణి గురించి జరిపే విచారం కూడా మననమే, ఆయనకు చేసే ఉపాసనే అని ఉదయనాచార్యుడు తన గ్రంథారంభంలోనే సెలవిచ్చాడు. తన తర్కగ్రంథానికి ‘కుసుమాంజలి’ అని పేరు పెట్టడంలోని ఔచిత్యమదే. మీ ఇంటి పిల్లవాని ప్రశ్నను కూడా ఒక పువ్వుగానే స్వీకరించి స్వామి పాదాల దగ్గర ఉంచండి.

సర్వే జనాః సుఖినో భవంతు.